వస అనుకుని తవ్విన కొమ్ము... పసుపు ఐరిస్ నేర్పిన పాఠం

“ఏమే, దొడ్లో ఇంత వస పెట్టుకుని నాతో ఒక్క మాటైనా చెప్పలేదేంటే?”

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక ఉదయం మా అమ్మ అడిగిన మాట ఇది. అప్పటికి మా బాబుకి నలభై రోజులు. నా పురుటికని తెనాలి నుంచి వచ్చింది అమ్మ. మేముండేది వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటెల్ పక్కనున్న బాథెల్‌లో. వారం రోజుల ముసురు తర్వాత కాస్త ఎండ కాసిందని దొడ్డి తలుపు తీసుకుని వెళ్లిన మనిషి, పావుగంటలో చేతినిండా మట్టితో, బొటనవేలంత లావున్న ఒక కొమ్ముతో లోపలికొచ్చింది. వంటింట్లో పాత చాకు పట్టుకెళ్లి తవ్వుకొచ్చిందట.

మా దొడ్డి చివర పల్లంగా ఉంటుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడ తడి ఆరదు. ఆ మూలలో కత్తుల్లా నిటారుగా నిలబడే ఆకుల గుబురు ఒకటి ఉండేది. ఇల్లు కొన్నప్పుడే ఉంది. మే నెలాఖరుకి నిండా పసుపుపచ్చటి పూలు. పాత ఓనర్లు ఐరిస్ అని చెప్పి వెళ్లారు. అంతకుమించి దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మ వచ్చేసరికి ఇంకా పూలు రాలేదు. ఆకులు మాత్రమే ఉన్నాయి. ఆ ఆకులు అచ్చం మా అమ్మమ్మగారి ఊళ్లో బావి గట్టున ఉండే వస ఆకుల్లాగే ఉన్నాయి.

అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారేమోనన్న భయంతో వస కొమ్ము పెట్టెలో పెట్టుకోలేదట. మనవడికి వస పోయలేదన్న బెంగ అప్పటినుంచీ ఉంది. “వస పోస్తేగా మాటలు తిన్నగా వచ్చేది! నీకు పోసినందుకే కదే వసపిట్టలా వాగుతావు” అంటూ కొమ్ము కడిగి, సింకు దగ్గర నిలబడి రెండుగా విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం మారిపోయింది.

“దీనికి వాసన లేదేంటే? వసైతే విరగ్గానే ఇల్లంతా తెలుస్తుంది.”

ఆ ఒక్క అనుమానమే మా బాబుని కాపాడింది. సాయంత్రానికి అమ్మ వేళ్ల మధ్య ఎర్రగా దద్దుర్లు లేచాయి.

అడిగిన మొదటి ప్రశ్న

ఆ శనివారం కొమ్మునీ, రెండు ఆకుల్నీ జిప్‌లాక్ కవర్లో పెట్టుకుని మాస్టర్ గార్డెనర్ల దగ్గరికి వెళ్లాను. తెలియని వాళ్ల కోసం చెబుతున్నా: వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో 1973లో మొదలైన స్వచ్ఛంద కార్యక్రమం ఇది. ఇప్పుడు అమెరికా అంతటా ఉంది. శిక్షణ పొందిన వలంటీర్లు మొక్కలు, చీడలు, తెగుళ్ల గురించి ఉచితంగా చెబుతారు. ఫార్మర్స్ మార్కెట్లలో, లైబ్రరీల్లో బల్ల వేసుకుని కూర్చుంటారు.

బల్ల వెనక ఉన్న పెద్దావిడ కవరు తెరవకుండానే గుర్తుపట్టింది. “ఎల్లో ఫ్లాగ్ ఐరిస్. ఎవరైనా నోట్లో పెట్టుకున్నారా?” ఇదీ ఆవిడ మొదటి ప్రశ్న. లేదన్నాను. “ఇంకెవరికైనా పంచారా?” ఇది రెండోది.

దానికి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. అంతకుముందు వేసవిలో మా ఇంట్లో పాట్‌లక్ జరిగినప్పుడు, పూలు బాగున్నాయన్న ముగ్గురు స్నేహితులకి దుంపలు తవ్వి, తడి పేపర్లో చుట్టి, మన పద్ధతిలో పసుపు కుంకుమలతో పాటు చేతిలో పెట్టి పంపించాను.

పేరులోనే ఉన్న ‘నకిలీ’

ఈ మొక్క శాస్త్రీయ నామం ఐరిస్ సూడాకోరస్. 1753లో లినేయస్ పెట్టిన పేరు. ‘సూడో’ అంటే నకిలీ. ‘ఎకోరస్’ మరేదో కాదు, మన వసే. వస శాస్త్రీయ నామం ఎకోరస్ కలమస్. అంటే రెండున్నర శతాబ్దాల కిందటే ఈ మొక్కకి ‘దొంగ వస’ అని పేరు పెట్టి ఉంచారన్నమాట. మా అమ్మ పొరపాటు పడిందని నేను నవ్వుకున్నానుగానీ, ఆ పొరపాటుకి ఆవిడకి ముందే చాలామంది తోడున్నారు.

రెండింటికీ పోలిక నిజంగానే ఎక్కువ. రెండూ నీటి పక్కన పెరుగుతాయి. రెండింటికీ కత్తిలాంటి ఆకులు, భూమిలో అడ్డంగా పాకే కొమ్ములు. తేడాలు ఇలా కనిపెట్టవచ్చు. వస ఆకు నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. ఐరిస్ ఆకుకి ఆ వాసన ఉండదు. వస ఆకులో ఈనె సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉంటుంది. ఒక అంచు ముడతలు పడినట్టు కనిపించవచ్చు. ఐరిస్‌లో ఈనె మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. పూత వచ్చాక ఇక అనుమానమే అక్కర్లేదు. వసకి రేకులున్న పువ్వు రాదు. వేలంత పొడుగున్న ఆకుపచ్చ కంకి ఆకు పక్కనుంచి పొడుచుకొస్తుంది. ఐరిస్‌కి పెద్ద పసుపు పూలు.

ఎల్లో ఫ్లాగ్‌లో విషం కొమ్ములోనే ఎక్కువ. తింటే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. దాని రసం చర్మానికి తగిలినా కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. పెద్దవాళ్ల సంగతి సరే, నలభై రోజుల పసివాడి నాలుక మీద దాన్ని అరగదీసి నాకిస్తే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. అసలు వస దొరికినా పసిపిల్లలకి పోయవద్దనే మా పీడియాట్రిషన్ గట్టిగా చెప్పారు. వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం వల్ల హాని ఉందన్న కారణంతో అమెరికాలో ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని ఎఫ్‌డీఏ 1968లోనే నిషేధించింది. తేనెతో రంగరించడం మరీ ప్రమాదం. ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు. అమ్మకి ఇది నచ్చలేదు. “మీరందరూ అలా పెరిగినవాళ్లే” అంది. కానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక దేశంలో అందం, మరో దేశంలో కలుపు

ఎల్లో ఫ్లాగ్ చెడ్డ మొక్కేమీ కాదు. దాని పుట్టిల్లు యూరప్, పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా. బ్రిటన్‌లో చెరువు గట్ల మీద, కాలువల వెంట సహజంగా పెరుగుతుంది. అక్కడి తేనెటీగలకి అది విందు. ఫ్రెంచి రాజచిహ్నమైన ఫ్లర్ డి లీకి ఈ పువ్వే మూలమని చాలామంది చెబుతారు.

తోటల్లో అందం కోసం అమెరికా తెచ్చారు. ఇక్కడ తోట దాటి వాగుల్లోకి దిగింది. దాని పద్ధతి చూడండి. కాయ పగిలితే గింజలు నీటి మీద తేలుతూ దిగువకి పోతాయి. కొమ్ము ముక్క విరిగి కొట్టుకుపోయినా, ఆగినచోట మళ్లీ మొలుస్తుంది. కొమ్ములు ఒకదాని మీదొకటి అల్లుకుని చాపలా గట్టిపడతాయి. ఆ చాప కింద స్థానిక జమ్ముకీ, తుంగకీ చోటుండదు. ఒండ్రు పట్టి వాగు సన్నబడుతుంది. బాతులు, చేప పిల్లలు దాక్కునే చోటు పోతుంది.

కొల్లేరు చూసినవాళ్లకి, గోదావరి డెల్టా కాలువల పక్కన పెరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి ఊదారంగు పూల అందం కోసం ప్రపంచమంతా తిరిగిన మొక్కే. ఈరోజు పడవ కదలనివ్వదు.

వాషింగ్టన్‌లో ఎల్లో ఫ్లాగ్‌ని ‘క్లాస్ సి’ హానికర కలుపు మొక్కగా ప్రకటించారు. నిషేధిత మొక్కల జాబితాలోనూ ఉంది. అమ్మడం, కొనడం, పంచడం కుదరదు. ఒరెగాన్‌లో ‘క్లాస్ బి’. మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్, కనెక్టికట్, మోంటానాల్లోనూ ఆంక్షలున్నాయి. అయినా ఆన్‌లైన్‌లో ‘వాటర్ ఐరిస్’, ‘ఫ్లాగ్ ఐరిస్’ అన్న పేర్లతో ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. కొనేముందు శాస్త్రీయ నామం చూడండి. సూడాకోరస్ అని ఉంటే ఆగిపోండి.

దీనికి అద్దంలో బొమ్మలాంటి సంగతి ఒకటుంది. మా వాషింగ్టన్ చిత్తడి నేలల్లో వసంతంలో పసుపు దొప్పల్లాంటి పూలతో స్కంక్ క్యాబేజీ పూస్తుంది. ఇక్కడ అది పుట్టింటి మొక్క. అదే మొక్కని బ్రిటన్ తీసుకెళ్లి తోటల్లో పెట్టుకుంటే, అక్కడ వాగులకి పట్టిన పీడై కూర్చుంది. మొక్కకి మంచీ చెడూ దాని చోటుని బట్టేనేమో.

మూడు ఫోన్లు

ఇంటికొచ్చి ముగ్గురికీ ఫోన్ చేశాను. ఇచ్చిన వస్తువు తిరిగి అడగడం మనకి ఎంత కష్టమో మీకు తెలుసు. అందులోనూ పసుపు కుంకుమతో ఇచ్చింది!

మొదటి ఆవిడ నవ్వేసింది. నీళ్లు పోయక అది ఎప్పుడో ఎండిపోయిందట. రెండో ఆవిడ కుండీలో పెట్టింది. మర్నాడే కవర్లో కట్టి చెత్తలో వేసి, ఫొటో పంపింది. మూడో ఇల్లు ఉడిన్‌విల్‌లో. వాళ్ల దొడ్డి వెనకే చిన్న వాగు. అది వెళ్లి సమామిష్ నదిలో కలుస్తుంది. మొక్కని సరిగ్గా వాగు గట్టున పెట్టారు. “అక్కా, ఎంత బాగా వచ్చిందో తెలుసా, మూడు పిలకలు వేసింది” అంది సంతోషంగా. విషయం చెప్పాక కాసేపు అటునుంచి మాట లేదు.

ఆ ఆదివారం మేమిద్దరం గమ్ బూట్లు వేసుకుని దిగాం. ఏడాది కూడా కాలేదు కాబట్టి చిన్న గుబురే. రెండు గంటల్లో వచ్చేసింది. అదే మరో మూడేళ్లు ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు. మరుసటి వేసవిలో అక్కడ ఒక్క మొలక కనిపించింది. అదీ పీకేశారు. గింజలు ఏవైనా దిగువకి పోయాయా అన్న అనుమానం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు. ఆ వాగు పక్కన నడిచినప్పుడల్లా కళ్లు గట్టు వెంటే వెళ్తాయి.

తీసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

చేతికి గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. నేల మెత్తగా ఉన్నప్పుడు తవ్వితే కొమ్ములు తెగకుండా వస్తాయి. చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది, కాబట్టి రెండు మూడేళ్లు కనిపెట్టుకుని ఉండాలి. వెంటనే తవ్వే తీరిక లేకపోతే, కనీసం పూలు వాడగానే కాయ కట్టకముందే కోసేయండి. గింజల దారి మూసుకుపోతుంది. తీసిన కొమ్ముల్ని ఇంటి కంపోస్టులో వేయవద్దు. అక్కడా బతుకుతాయి. ఎలా పారేయాలో మీ కౌంటీ వీడ్ ఆఫీసుని అడగండి. నీళ్లలో, నీళ్ల పక్కన కలుపు మందు కొట్టడానికి అనుమతులు కావాలి. సొంతంగా ఆ పని పెట్టుకోవద్దు. మీ కమ్యూనిటీలోని వాననీటి చెరువులో ఇది కనిపిస్తే మీరు దిగకుండా హెచ్‌ఓఏకో కౌంటీకో చెప్పండి.

మరి పసుపు ఐరిస్ మీద మనసైతే?

పెంచుకోండి, నిస్సంకోచంగా! నీటి అంచున పెరిగే ఈ ఒక్క జాతిని వదిలేస్తే, పసుపు పూల ఐరిస్‌లు ఎన్నో ఉన్నాయి. మన ఇళ్లకి అన్నిటికంటే అనువైనది బియర్డెడ్ ఐరిస్. కిందికి వాలే మూడు రేకుల మీద గడ్డంలా నూగు ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇది పొడి నేల మొక్క. వాగుల వెంట పాకే స్వభావం లేదు.

నాటే కాలం జులై నుంచి సెప్టెంబర్ వరకు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నీరు నిలవని చోటు కావాలి. బంకమట్టి అయితే మడిని కాస్త ఎత్తు చేసుకోండి.

మనవాళ్లు చేసే మొదటి తప్పు దుంపని లోతుగా పాతిపెట్టడం. అల్లం, పసుపు నాటిన అలవాటు అది. బియర్డెడ్ ఐరిస్ కొమ్ము వీపు మట్టిపైన కనిపిస్తూ ఉండాలి. ఎండలో పడుకున్న బాతులా అన్నమాట. వేళ్లు మాత్రం రెండు పక్కలా కిందికి దింపి మట్టి నొక్కాలి. కొమ్ముకీ కొమ్ముకీ అడుగు నుంచి అడుగున్నర దూరం. దాని మీద బార్క్ మల్చ్ కప్పవద్దు.

రెండో తప్పు నీళ్లు. నాటిన కొత్తలో వేరు పట్టేదాకా పోయండి. తర్వాత బాగా ఎండిపోయినప్పుడే. రోజూ స్ప్రింక్లర్ తగిలేచోట పెడితే కొమ్ము కుళ్లుతుంది. మూడో తప్పు ఎరువు. లాన్‌కి వేసే నత్రజని ఎరువు దీనికి పడదు. ఆకు ఏపుగా పెరిగి పూలు తగ్గుతాయి, కుళ్లూ వస్తుంది. నత్రజని తక్కువున్న ఎరువుని వసంతం మొదట్లో ఒకసారి, పూలయ్యాక ఒకసారి కొద్దిగా వేస్తే చాలు.

కొమ్ము మెత్తబడి దుర్వాసన వస్తే అది బ్యాక్టీరియా కుళ్లు. మెత్తబడ్డ భాగాన్ని గట్టి కండ తగిలేదాకా చెంచాతో గీకేసి, ఎండ తగలనివ్వండి. చాకుని ప్రతిసారీ బ్లీచ్ నీళ్లలో ముంచి వాడండి. మా సియాటెల్ వానలకి ఆకుల మీద మచ్చలు మామూలు. మచ్చలున్న ఆకులు తీసేస్తూ, గాలి ఆడేలా చూస్తే సరిపోతుంది. నత్తల బెడదా ఉంటుంది. జింకలు మాత్రం సాధారణంగా ముట్టవు. దొడ్లో తోటకూర నిలవని చోట్ల ఉన్నవాళ్లకి ఇది చిన్న వరమే.

మూడు నాలుగేళ్లకి గుబురు బిగిసి పూలు తగ్గుతాయి. అప్పుడు పూలయ్యాక తవ్వి, మధ్యలో ముదిరిన కొమ్ముల్ని పారేసి, చుట్టూ ఉన్న కొత్తవాటిని ఆకులు ఆరంగుళాలకి కత్తిరించి మళ్లీ నాటాలి. మిగిలినవి పంచుకోవచ్చు. ఇవి పంచితే ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని పడదు!

రకాల్లో ‘ఓలా కలా’ 1948లోనూ, ‘న్యూ మూన్’ 1973లోనూ ఐరిస్‌లకిచ్చే అత్యున్నత పురస్కారమైన డైక్స్ మెడల్ పొందిన పసుపు రకాలు. ‘ఎడిత్ వుల్ఫర్డ్’ పై రేకులు లేత పసుపు, కింది రేకులు నీలం. శరదృతువులో రెండోసారి కూడా పూయాలంటే ‘హార్వెస్ట్ ఆఫ్ మెమరీస్’ ప్రయత్నించండి. ఒరెగాన్ దగ్గర్లో ఉన్నవాళ్లు మే నెలలో సేలంలోని ష్రైనర్స్ ఐరిస్ గార్డెన్స్‌కి ఒకసారి వెళ్లండి. వందల రకాలు ఒకేచోట కళ్లారా చూసి ఎంచుకోవచ్చు.

డాలస్, ఆస్టిన్ వైపు ఉన్నవాళ్లు వేసవి మంట తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో నాటుకోవడం మేలు. అరిజోనాలో మధ్యాహ్నం కాస్త నీడ ఉంటే మంచిది. యూకేలో ఉన్నవాళ్లకి ఎల్లో ఫ్లాగ్ స్వదేశీ మొక్కే కాబట్టి చెరువుంటే బుట్టలో పెట్టి పెంచుకోవచ్చు. అడవి నుంచి మాత్రం తవ్వి తెచ్చుకోవద్దు. స్థల యజమాని అనుమతి లేకుండా అలా పెకలించడం అక్కడ చట్టవిరుద్ధం.

ఒక్క హెచ్చరిక. బియర్డెడ్ ఐరిస్ కొమ్ము కూడా తినేది కాదు. కుక్కలకీ, పిల్లులకీ హానికరమే. అల్లం, పసుపు పెంచే మడికి దూరంగా నాటండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి దొడ్లో ఏ మొక్క ఏమిటో మొదటి రోజే చూపించండి. వాళ్ల చేతులు ఊరుకోవు. పొరపాటున ఎవరైనా తింటే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. ఇరవైనాలుగు గంటలూ ఉచితం.

మా దొడ్డి ఇప్పుడు

మా తడి మూల ఖాళీ చేయడానికి రెండు వేసవులు పట్టింది. అక్కడ స్థానిక మొక్కైన రెడ్ ట్విగ్ డాగ్‌వుడ్ పెట్టాం. తడికి భయపడదు, చలికాలంలో ఎర్రటి కొమ్మలతో బాగుంటుంది. ఇంటి ముందు ఎండ తగిలే వాలులో ఐదు పసుపు బియర్డెడ్ ఐరిస్‌లు నాటాను. మొన్న మేలో మొదటి పువ్వు విచ్చుకుంది.

తెనాలికి వీడియో కాల్ చేసి చూపించాను. వస పోయకుండానే గలగలా మాట్లాడుతున్న మావాడు ఫోన్ లాక్కుని, “అమ్మమ్మా, పువ్వూ” అని అరిచాడు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“బాగుందే. వాసనుందా దీనికి?”

వంగి చూశాను. సన్నగా, తియ్యగా ఉంది.

“ఉందమ్మా.”

“ఉన్నా సరే, వాణ్ణి దగ్గరికి పోనీకు” అంది.